కొండ తోసిన గోడ

ఆ కాగితం మా అమ్మాయే తెచ్చింది. పోస్టులో వచ్చుంటే ఒక పూట తలగడ కింద పెట్టుకుని, తీరిగ్గా భయపడి, ఆ తర్వాత విప్పి చూసేదాన్ని. కన్నకూతురు చేతికిస్తే ఏం చెయ్యను?

"చదువు," అంది షూహాన్, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ. "చదివి అరవకు. ముందే చెప్తున్నా."

అరవలేదు. పైన మా ఇంటి నంబరు కనపడగానే పొయ్యి ఆపేశాను. సర్కారు ముద్ర ఉన్న కాగితం ఏది చూసినా నాకు ముందు ఎవరో పోయారనిపిస్తుంది. మా ఆయన రైలు పట్టాల మీద పని, వారానికి ఒక్కరోజు ఇంటికొస్తాడు. అందుకని ముందు ఆయన్నే చంపుకుంటాను మనసులో. తర్వాత అమ్మాయిని. ఆ రోజు అమ్మాయి ఎదురుగానే నిలబడి ఉంది కాబట్టి దాన్ని వదిలేశాను.

ఎవరూ పోలేదు. పోతున్నది మా వంటింటి గోడ.

సాగుకాలవకి కొత్తగా సిమెంటు వేస్తున్నారట. గట్టు మీద బండి తిరిగేంత దారి ఉండాలట. కొలిచి చూస్తే మా వంటింటి పడమటి గోడ డెబ్బై ఒక్క సెంటీమీటర్లు కాలవ స్థలంలోకి వచ్చేసిందట. ఇరవయ్యో తారీకు లోపల మాకై మేమే తీసెయ్యాలి, ఒప్పుకుంటున్నట్టు కింద సంతకం పెట్టాలి. అభ్యంతరం ఉంటే గురువారం అధికారి వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు.

డెబ్బై ఒక్క సెంటీమీటర్లంటే మూరన్నర. ఆ గోడకి ఆనుకునే నా మూడు పొయ్యిలూ, పొగగొట్టం, అన్నం ఉడికే పెద్ద కుండా ఉన్నాయి. రోజూ పొద్దున అరవై డబ్బాల భోజనం కట్టి తొమ్మిదింటి రైలుకి పంపుతాను. పల్చటి చెక్క డబ్బా, అందులో మా మడిలో పండిన బియ్యం అన్నం, రెండు పంది మాంసం ముక్కలు, సగం గుడ్డు, ముల్లంగి ఊరగాయ. గోడ మూరన్నర వెనక్కి జరిగితే పొయ్యిలు నడిమింట్లోకి రావాలి. నడిమింట్లో అత్తయ్య మంచం ఉంది. అప్పుడే నాకు మంచం అంటుకోవడం, అత్తయ్య అరవడం, అగ్నిమాపక బండి సందులో ఇరుక్కోవడం కూడా కనపడిపోయాయి.

"ఏంటే, ఎవరు చచ్చారు?" అంది అత్తయ్య. ఎనభై ఒకటి ఆవిడకి. పీట మీద కూర్చుని ముల్లంగి తరుగుతోంది.

"ఎవరూ చావలేదత్తయ్యా. మన గోడ కాలవలోకి నడిచెళ్ళిందట."

"నడిస్తే మంచిదేగా. నా మోకాళ్ళకంటే నయం."

షూహాన్ నవ్వలేదు. అది జిల్లా భూకొలతల ఆఫీసులో చేరి ఎనిమిది నెలలు. ఇంకా పర్మనెంటు కాలేదు. కాలవ ఆఫీసువాళ్ళు అడిగితే కొలవడానికి దాన్నే పంపారు. మా సందు మొత్తం కొలిచింది, మా ఇంటి దగ్గరికొచ్చేసరికి దాని చేతిలో అంకె అది.

"అమ్మా, నేను మూడుసార్లు కొలిచాను. తప్పు లేదు. సంతకం పెట్టెయ్యి. నువ్వు గొడవ పడితే, కూతురే లోపలుండి ఆడిస్తోందంటారు."

ఆ మాటతో దాని ఉద్యోగం పోవడం, అది తైపే నగరానికి పోవడం, అక్కడ ఏ పదమూడో అంతస్తులోనో ఉండగా భూమి ఊగడం, అన్నీ వరసగా వచ్చేశాయి. అయినా నోరు మాత్రం ఇంకోటి అంది.

"నేను ఈ గోడ జరపలేదు షూహాన్. మీ తాత కట్టినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది."

"నువ్వు జరిపావని ఎవరన్నారమ్మా? జరిగిందీ అని."

"జరిగితే ఎవరు జరిపినట్టు?"

అది కిటికీలోంచి తూర్పు కొండ వైపు చూసి, తల తిప్పేసుకుంది.

మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేని సంగతి ఇది. మాకు రెండు వైపులా కొండలు. పడమటి కొండలు ఖండం అంచు. తూర్పు కొండ ఒకప్పుడు సముద్రంలో నిప్పులు కక్కిన లంకల వరస. దాన్ని మోస్తున్న సముద్రపు పలక ఇటు తోసుకుంటూ వచ్చి ఖండానికి గుద్దుకుంది. గుద్దుకుని ఊరుకుందా? ఇంకా తోస్తూనే ఉంది. ఈ తైవాన్ అంతా ఆ తోపుడుకే నీళ్ళలోంచి పైకి లేచిందని బళ్ళో చెప్పారు. ఆ రెండూ కలిసిన అతుకు మా కాలవ గట్టు కిందుగా పోతుంది. కాలవకి అవతల మడులు, స్టేషను, అన్నీ ఖండం మీద. ఇవతల మా సందు, మా వంటిల్లు, కొండవాలులో మా నేలని కాచే దేవుడు భూమి తాత గుడి, ఇవి సముద్రపు పలక మీద. ఏడాదికి బొటనవేలి వెడల్పంత మేర మేము అటు జరుగుతాం. వానాకాలంలో ఎక్కువ జరుగుతాం, అప్పుడు సందులో తలుపులన్నీ బిగుసుకుంటాయి. వడ్రంగి లియావ్ ఇంటింటికీ వచ్చి చిత్రిక పట్టి పోతాడు. తలుపు బిగుసుకుంటే నాకు భయం. బిగుసుకోకపోతే ఇంకా భయం, ఎందుకంటే కొండ మెల్లగా జరగడం మానేసి లోపల్లోపల బిగబట్టిందేమో, ఒక్కసారే వదులుతుందేమో అని.

ఆ భయం మీద అత్తయ్య మొదలుపెట్టిన అలవాటొకటుంది మా ఇంట్లో. వంటిల్లు కట్టిన ఏడే మా గోడకో మేకు, కాలవ అవతలి గట్టు మీద సర్వే రాయి పక్కనున్న గుంజకో మేకు కొట్టింది. రెంటికీ మధ్య పురికొస బిగించి కట్టింది. ఏటా రెండో నెల రెండో రోజు, భూమి తాత పుట్టినరోజున, వదులైన కొసని మళ్ళీ బిగించి కట్టి, మిగిలిన ముక్క కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది. పురి చివికితే అదే పొడవుకి కొత్తది మారుస్తుంది. ఒక ఏడు వేలెడు ముక్క, ఒక ఏడు గోరంత. ముక్క పడితే కొండ ఊపిరి వదిలినట్టు. ఆ ఏడాది నేను కాస్త నిద్రపోతాను.

డబ్బా దించి ముక్కలన్నీ బల్ల మీద వరసగా పేర్చాను. ముప్పై నాలుగు. షూహాన్ టేపు పెట్టింది. పెట్టకుండా ఉండలేదు, దాని బుద్ధే అంత.

"అరవై ఏడున్నర," అంది.

"చూశావా!"

"అమ్మా, ఇది పురికొస. వానకి బిగుస్తుంది, ఎండకి సాగుతుంది. గురువారం వచ్చే త్సెంగ్ గారికి చూపిస్తే నవ్విపోతాడు."

"నవ్వనీ. నవ్వితే పళ్ళు కనపడతాయి, అంతేగా," అంది అత్తయ్య.

మర్నాడు పొద్దున డబ్బాలు రైలుకి పంపేసి, భూమి తాతకి టీ పొయ్యడానికి కొండవాలు ఎక్కాను. మూడు చిన్న గిన్నెల్లో పోసి, గోడ విషయం చెప్పుకున్నాను. చెప్పుకుంటూ చూస్తే, గుడి అరుగు పక్కన గడ్డిలో నాలుగు పలకల రాయి ఒకటి. తల మీద అడ్డగీత, పక్కన నంబరు. కాలవ అవతల ఉన్నదీ ఇలాంటిదే. ముప్పై నాలుగేళ్ళ కిందట ఊరంతా కొత్తగా కొలిచి పాతిన రాళ్ళు. ఆ పాతినవాళ్ళే సున్నంతో గీత గీసిస్తే, ఆ గీత మీదే మా మావయ్య వంటింటి గోడ లేపాడు.

నేను చదివింది తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటీ. కానీ ఇందులో లెక్కేముంది? మేమే గోడని కాలవ మీదకి జరుపుకుని ఉంటే, ఈ రాయి నుంచి గోడ దూరం పెరిగుండాలి. కొండే మోసుకుపోతే, ఈ రాయీ గోడా ఒకే బండి మీద కూర్చున్న ఇద్దరి లాంటివి. వాళ్ళ మధ్య దూరం ఎందుకు మారుతుంది?

టీ గిన్నెలు అక్కడే వదిలేసి కిందకి దిగాను.

"షూహాన్! గుడి దగ్గర రాయి నుంచి మన గోడకి పటంలో ఎంతుంది?"

అది పళ్ళు తోముకుంటోంది. నురగ నోటితోనే అద్దంలోకి చూసింది.

"అడగకమ్మా."

"అంటే నీకు తెలుసన్నమాట."

"దగ్గర రాయి నుంచే కొలవాలి. అది రూలు. దగ్గర రాయి కాలవ అవతలుంది."

"అవతలుంది అని నువ్వే అంటున్నావు. అది ఖండం రాయి. నా వంటిల్లు సముద్రానిది. దాని రాయితో దీన్ని ఎలా కొలుస్తారే?"

అది పుక్కిలించి ఉమ్మేసింది. "రూల్లో కొండ కదలదమ్మా," అంది మెల్లగా.

గురువారం త్సెంగ్ గారు వచ్చారు. కాలవ ఆఫీసులో ఇంజనీరు, యాభై దాటుంటాయి, పడమటి మైదానాల వాడు. మా తూర్పుకి బదిలీ అయిన ప్రతివాడి ముఖంలో ఉండే విసుగు ఆయన ముఖంలోనూ ఉంది. వెనకాల మూడుకాళ్ళ యంత్రం మోసుకుంటూ మా షూహాన్, ఎవరో పరాయి పిల్లలా తల దించుకుని.

"చెప్పండమ్మా, ఏంటి మీ అభ్యంతరం?"

"ముందు కూర్చోండి. భోజనం డబ్బా ఒకటి మిగిల్చాను."

"లేదమ్మా, నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాడాయన.

"డ్యూటీలో ఆకలెయ్యదా?" అంది అత్తయ్య. "సన్నగా ఉన్నావు నాయనా. మీ ఆవిడ ఈ ఊరు రానందా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా మాత్రం తీసుకోలేదు. నేను పురికొస ముక్కలు తెచ్చి చూపించాను. షూహాన్ చెప్పినట్టే నవ్వాడు.

"చూడండమ్మా, మీ అత్తగారి ఓపికకి దండం పెట్టొచ్చు. కానీ ఇది పురికొస. సాక్ష్యం కాదు."

"సరే, మీ యంత్రంతోనే కొలవండి. గుడి దగ్గర రాయి నుంచి."

"అది దూరపు రాయి."

"దూరమే. కానీ మాతో పాటు కదిలే రాయి."

"ఏదీ కదల్లేదమ్మా!" గొంతు పెంచాడు. "పెద్ద భూకంపం వస్తే పటాలు దిద్దడానికి పద్ధతుంది. ఇలా ఏడాదికింత, ఏడాదికింత అని పాకేదానికి మా ఫారంలో గడే లేదు. నేనేం రాయను?"

"గడి లేకపోతే నా గోడ కూలుస్తారా?"

"ఇరవయ్యిన సిమెంటు బండి వస్తుంది. నెలాఖరుకి మడులకి నీళ్ళు వదలాలి. ఊరందరి మడులూ మీ ఒక్క గోడ కోసం ఎండాలా?"

అది నన్ను తగలాల్సిన చోటే తగిలింది. సందులో జనం పోగయ్యారు. అందరికీ మడులున్నాయి. రేపు నీళ్ళు ఆలస్యమైతే వీళ్ళంతా నా డబ్బాలు కొనే స్టేషనువాడికి చెప్పి మాన్పిస్తారు, షూహాన్‌కి సంబంధాలు రావు, మా ఆయన ఆ బెంగతో పట్టాల మీద ఏమరుపాటుగా నిలబడతాడు. సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. పెన్ను కూడా అందుకున్నాను.

కానీ ఆ కాగితంలో నా పేరు కింద 'కాలవ స్థలాన్ని ఆక్రమించినట్టు ఒప్పుకుంటున్నాను' అని ఉంది. ఆక్రమించిందట, యాభై రెండేళ్ళుగా పక్కింటివాళ్ళ కరివేపాకంత ఆకు కూడా అడక్కుండా తుంచని ఈ ఫాన్ యుక్‌మోయ్!

పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"పెట్టను."

"అమ్మా..." అంది షూహాన్.

"నువ్వు ఊరుకో. నేను మాట్లాడేది మీ అధికారితో. అయ్యా, నాకు గాలేస్తే భయం, వానొస్తే భయం. పెద్ద లారీ పోతే భూకంపమని బల్ల కింద దూరతాను. ఈ సందులో అందరూ నన్ను చూసి నవ్వుతారు, అడగండి. భయస్తురాలినే. కానీ చెయ్యని పని చేశానని రాసిచ్చేంత భయం మాత్రం లేదు. కొలవండి. ఆ రాయి నుంచి కొలిచి కూడా గోడ మూరన్నర ముందుకే ఉందని తేలితే, సుత్తి నేనే తెస్తాను."

"కొలవకపోతే?"

"ఇరవయ్యిన ఆ గోడకి ఆనుకుని అన్నం వండుతూ ఉంటాను. బండి వాణ్ణి తోలమనండి."

"నేనూ ఇక్కడే ముల్లంగి తరుగుతా," అంది అత్తయ్య. "ఇద్దరి మీద నుంచీ తోలుకోండి. నాకెలాగూ ఎనభై ఒకటి."

వెనకనుంచి వడ్రంగి లియావ్ అందుకున్నాడు. "కొలిస్తే పోయేదేముంది సార్? మా తలుపులు ఏటా ఎందుకు కొయ్యాల్సొస్తోందో మేమూ తెలుసుకుంటాం." జనంలో నవ్వులు. రేపు వీళ్ళ గోడలకీ ఇదే కాగితం వస్తుందని ఎవరికో అప్పుడే తట్టినట్టుంది. "అవును, కొలవండి," అని రెండు మూడు గొంతులు లేచాయి.

త్సెంగ్ గారు షూహాన్ వంక చూశాడు. "మీ ఆఫీసు రూలేంటి?"

దాని ఉద్యోగం అంతా ఆ ఒక్క జవాబు మీద ఉందని నాకు తెలుసు. తప్పించుకోవాలంటే 'దగ్గర రాయి' అని రెండు మాటలంటే చాలు.

"దగ్గర రాయి నుంచి కొలవాలి సార్," అంది షూహాన్. తలెత్తి మళ్ళీ అంది. "రెండు రాళ్ళకీ మధ్య దూరం పటంతో కలవకపోతే రెంటి నుంచీ కొలిచి, రెండూ పుస్తకంలో రాయాలని కూడా ఉంది. నేను ఆ రెండో పని చెయ్యలేదు. మా ఇల్లు కదా, కావాలని చేశానంటారని చెయ్యలేదు. అది నా తప్పు."

ఆయన చేత్తో 'కానీ' అన్నట్టు సైగ చేశాడు.

యంత్రం కొండవాలు ఎక్కింది. షూహాన్ గుడి రాయి మీద దాన్ని నిలబెట్టి, మట్టం చూసే నీటిబుడగ మధ్యకొచ్చేదాకా కాళ్ళు సర్దింది. త్సెంగ్ గారే స్వయంగా అద్దం బిగించిన కొలత కర్ర పట్టుకుని మా గోడ దగ్గర నిలబడ్డాడు. మా ఇంటి కప్పు మీదుగా అంకెలు అటూ ఇటూ అరుచుకున్నారు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. నేను నడుముకి కట్టుకున్న వంట గుడ్డ కొస నమిలేస్తున్నాను.

షూహాన్ పుస్తకం పట్టుకుని దిగింది. సిరాతో రాయాలి, చెరపకూడదు, అదొకటుంది వాళ్ళకి. పుస్తకం ఆయనకిచ్చింది.

"పటంలో ముప్పై ఒక్క మీటర్ల నలభై," అన్నాడు ఆయన చదువుతూ. "ఇప్పుడు ముప్పై ఒకటి నలభై మూడు."

"మూడు సెంటీమీటర్లు," అన్నాడు. ఆయనకే నమ్మకం కలగనట్టు మళ్ళీ చూసుకున్నాడు. ఆ తర్వాత మాత్రం ఇంజనీరు మేలుకున్నాడు. "అయినా మూడుంది కదమ్మా. అంటే మీరూ కొంత ముందుకొచ్చినట్టేగా?"

గోడ కదల్లేదని అంత గట్టిగా చెప్పాను, ఈ మూడు ఎక్కణ్ణించొచ్చింది? జనమంతా నన్నే చూస్తున్నారు. వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. తెల్లగా, నున్నగా మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది.

"టైల్స్!" అన్నాను. "నాచు పడుతోందని ఆరేళ్ళ కిందట బయటివైపు టైల్స్ వేయించాను. కింద సిమెంటు, పైన టైలు. ఆ మూడూ నావే. ఒప్పుకుంటున్నా."

లోపలికెళ్ళి ఎముకలు కొట్టే సుత్తి తెచ్చాను. షూహాన్ "అమ్మా, ఇప్పుడే ఎందుకు?" అంటూనే ఉంది. మొదటి దెబ్బకి మూల టైలు పగిలి కాలవలో పడింది. రెండో దెబ్బకి సిమెంటు పెచ్చు ఊడింది. లోపల మావయ్య పేర్చిన ఎర్ర ఇటుక కనపడింది.

"ఇదిగో, నేను ఆక్రమించింది ఇదీ. సాయంత్రంలోపు మొత్తం తీసేస్తాను. ఇంత వరకు రాయండి, సంతకం పెడతాను." సుత్తితో తూర్పు కొండని చూపించాను. "మిగతా అరవై ఎనిమిదీ దానివి. నోటీసు దానికివ్వండి. తీసుకుంటుందో లేదో చూద్దాం."

లియావ్ ఈల వేశాడు. త్సెంగ్ గారు నవ్వలేదు గానీ, మొదటిసారి కొండ వైపు తలెత్తి చూశాడు. తర్వాత అవతలి రాయిని చూశాడు, మధ్యలో పొంగి చీలిన గట్టు దారిని చూశాడు. అది ఆయన ప్రతిరోజూ తొక్కి నడుస్తున్న దారే.

"దీనికి గడి లేదు," అన్నాడు, తనలో తాను చెప్పుకున్నట్టు.

"కింద ఖాళీ ఉంది సార్," అంది షూహాన్. "అక్కడ రాయొచ్చు."

ఆయన నా బల్ల మీదే కూర్చుని రాశాడు. రెండు కొలతలు, రెండు రాళ్ళ నంబర్లు. కొలిచినవారు అన్నచోట మా అమ్మాయి పూర్తి పేరు రాసుకుంది. పై ఆఫీసు తేల్చేదాకా మా ఇంటి ముందు పన్నెండు మీటర్లు వదిలేసి మిగతా కాలవకి సిమెంటు వెయ్యమని అక్కడే ఫోన్ చేశాడు. పై ఆఫీసు ఏం తేలుస్తుందో నాకు తెలీదు. కూల్చమనే అంటారని నా మనసు అప్పుడే అంటోంది. షూహాన్‌ని ఏ కొండల మీద ఆఫీసుకో విసిరేస్తారనీ అంటోంది. అననీ.

"వాళ్ళు కూల్చమంటే?" అని అడిగాడు లేస్తూ.

"మళ్ళీ రండి. మళ్ళీ కొలుద్దాం. అప్పటికి ఇంకో అర సెంటీమీటరు జరిగుంటాం, అదీ రాసుకుందురు గాని."

భోజనం డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఎప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు.

షూహాన్ యంత్రం పెట్టెలో పెట్టి, బూట్లు విప్పకుండానే గోడ దగ్గరికొచ్చింది. "ఇలా కొడితే ఇటుక పగులుతుందమ్మా. పక్కనుంచి కొట్టాలి," అంటూ చెయ్యి చాపింది.

"ముట్టుకోకు. చెయ్యి చీరుకుంటుంది. ధనుర్వాతం వస్తుంది," అని దాన్ని వెనక్కి నెట్టి, పక్కనుంచే కొట్టాను.